జ్వరం రోజు విడిచి రోజు రాకపోతే మలేరియా కానట్టేనా?

ముందు అర్జెంటు సంగతి చెప్పేస్తా, మిగతాది తర్వాత తీరిగ్గా చదువుకుందురు గానీ. మీరు రాసినదాని ప్రకారం మీ తమ్ముడు మలేరియా ఎక్కువగా ఉండే చోట పని మీద వారం ఉండి వచ్చాడు, వచ్చిన పది రోజులకి జ్వరం పట్టుకుంది, ఇవాళ్టికి నాలుగో రోజు. జ్వరం రోజూ ఉంటోంది, పెద్దగా వణుకు లేదు, తలనొప్పి, వాంతులు ఉన్నాయి. మలేరియా కార్డు టెస్టు, అంటే ఒక చుక్క రక్తం వేసి గీత వస్తుందా అని చూసేది, ఒక్కసారి చేయిస్తే నెగటివ్ వచ్చింది, టైఫాయిడ్‌కి చేసే విడాల్ టెస్టు మాత్రం పాజిటివ్. మలేరియా అయితే రోజు విడిచి రోజు చలి పెట్టి రావాలి కదా, కాబట్టి ఇది టైఫాయిడే అని ఇంట్లో తేల్చేశారు. అలా తేల్చేయకండి. ఇవాళే మళ్ళీ రక్తం ఇప్పించండి, ఈసారి కార్డుతో పాటు స్లైడ్ కూడా, అంటే గాజు పలక మీద రక్తం పూసి మైక్రోస్కోపులో చూసేది, చూడమని అడగండి. మళ్ళీ నెగటివ్ వస్తే రేపు ఇంకోసారి, ఎల్లుండి ఇంకోసారి. ఎక్కడికి వెళ్ళొచ్చాడో, ఏ తేదీన తిరిగొచ్చాడో డాక్టరు అడిగేదాకా ఆగకుండా మీరే చెప్పండి, చాలాసార్లు మొత్తం కేసు ఆ ఒక్క ముక్క మీదే తిరుగుతుంది.

నేను డాక్టర్ని కాదండి. ల్యాబులో పాతికేళ్ళకి పైగా మలేరియా స్లైడ్లు చూసినవాణ్ణి. మందు డోసులు నన్నడగొద్దు, అవి డాక్టర్లే చెప్పాలి, కానీ మలేరియా తెచ్చే పారసైట్, అదే పరాన్నజీవి, రక్తంలో ఎప్పుడు కనపడుతుంది, ఎప్పుడు దాక్కుంటుంది, ఎందుకు దొరక్కుండా పోతుంది అనేది మాత్రం నాకు బాగా తెలుసు, మీ ప్రశ్న కూడా అక్కడే ఉంది.

నీళ్ళు మారితే వస్తుందా అని అడిగారు. రాదు. నీళ్ళు తాగితే రాదు, తిండి వల్ల రాదు, పక్కన పడుకుంటే రాదు, దగ్గితే రాదు. ఒకప్పుడు ఇటలీ వాళ్ళు చెడుగాలి వల్ల వస్తుందనుకున్నారు, ఆ భాషలో మలేరియా అన్న మాటకి అర్థమే చెడుగాలి. చిత్తడి నేలల దగ్గర ఉండేవాళ్ళకే ఎక్కువ వస్తోందని వాళ్ళు గమనించింది కరెక్టే, కాకపోతే గాలిని పట్టుకుని అక్కడే తిరుగుతున్న దోమని వదిలేశారు. 1880లో లావెరాన్ అనే ఫ్రెంచి మిలటరీ డాక్టరు అల్జీరియాలో ఒక జ్వరం రోగి రక్తంలో కదులుతున్న జీవిని చూశాడు. మరి అది రక్తంలోకి ఎలా వచ్చింది అంటే 1897 ఆగస్టు 20 దాకా ఎవరికీ గట్టి ఆధారం దొరకలేదు. ఆ రోజు సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్, మలేరియా రోగిని కుట్టించిన దోమని విప్పి చూస్తే దాని పొట్ట గోడలో గుండ్రటి గడ్డలు, వాటిల్లో రోగుల రక్తంలో కనిపించే లాంటి నల్లటి రేణువులు కనిపించాయి. రాస్‌కి 1902లో నోబెల్ ఇచ్చారు, అంతకంటే ముందే పారసైట్‌ని చూసిన లావెరాన్‌కి మాత్రం 1907లో ఇచ్చారు, అదో విచిత్రం.

దోమ అంటే ప్రతి దోమా కాదు. అనాఫిలిస్ జాతి దోమ, అందులోనూ ఆడదే, గుడ్లు పెట్టడానికి దానికి రక్తం కావాలి. పొద్దుగూకిన దగ్గర్నుంచి తెల్లారేదాకా కుడుతుంది. గోడ మీద వాలినప్పుడు చూస్తే తల కిందికి, తోక పైకి పెట్టి ఏటవాలుగా గుచ్చిన మేకులా ఉంటుంది, మామూలు దోమ గోడకి సమానంగా వాలుతుంది. పగలు కుట్టే నల్లటి తెల్ల చారల దోమ వేరు, అది డెంగ్యూది. ఇంకో సంగతి, దోమ రోగిని కుట్టి ఎగిరొచ్చి వెంటనే మీకు అంటించలేదు, దాని ఒంట్లో పారసైట్ పెరగడానికి సుమారు పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది, చల్లటి వాతావరణంలో ఇంకా ఆలస్యం, మరీ చల్లగా ఉంటే అసలు పెరగదు. దోమ లేకుండా కూడా అరుదుగా వస్తుంది లెండి, రక్తం ఎక్కించడం వల్ల, వాడిన సూదుల వల్ల, కడుపుతో ఉన్న తల్లి నుంచి బిడ్డకి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. ఇదంతా ప్లాస్మోడియం అనే ఒంటికణ జీవి పని, బాక్టీరియా కాదు, వైరస్ కాదు. మనుషులకి జబ్బు చేసేవి ముఖ్యంగా అయిదు రకాలు, కానీ మీరు రెండు పేర్లు గుర్తు పెట్టుకుంటే చాలు, వైవాక్స్, ఫాల్సిపారం. ల్యాబులో మేం పీవీ, పీఎఫ్ అనేస్తాం. దోమ కుట్టినప్పుడు దాని ఉమ్ముతో పాటు కొన్ని పదుల పారసైట్లు లోపలికి వెళ్తాయి, గంట తిరక్కుండానే లివర్‌లోకి చేరి కూర్చుంటాయి. అక్కడ వారం అటూఇటూగా పెరుగుతాయి, ఆ వారం రోజులూ మనిషికి ఏమీ తెలీదు, జ్వరం ఉండదు, టెస్టులో దొరకదు, ఎందుకంటే రక్తంలో ఇంకా ఏమీ లేదు. తర్వాత ఒక్కో లివర్ కణం పగిలి వేలకి వేలు పిల్లల్ని రక్తంలోకి వదులుతుంది, అవి ఎర్ర కణాల్లో దూరి, లోపలున్న హిమోగ్లోబిన్ తిని, పది పాతిక ముక్కలుగా చీలి, కణాన్ని పగలగొట్టుకుని బయటికొచ్చి మళ్ళీ కొత్త కణాల్లో దూరతాయి. పీవీకి, పీఎఫ్‌కి ఈ చక్రం దాదాపు 48 గంటలు.

కుట్టిన దగ్గర్నుంచి జ్వరం దాకా పీఎఫ్‌కి మామూలుగా 9 నుంచి 14 రోజులు, పీవీకి 12 నుంచి 17 రోజులు, కొన్నిసార్లు పీవీ నెలల తర్వాత కూడా బయటపడుతుంది. మీ తమ్ముడి లెక్క చూడండి, అక్కడ వారం, వచ్చాక పది రోజులు, అంటే ఎప్పుడు కుట్టినా జ్వరానికి 10 నుంచి 17 రోజుల ముందు కుట్టి ఉండాలి. రెండింటికీ సరిపోతోంది. అదే అక్కడికి వెళ్ళిన మూడో రోజే జ్వరం వచ్చి ఉంటే ఆ జ్వరం అక్కడి మలేరియా కాదని ధైర్యంగా చెప్పేవాణ్ణి.

జ్వరం ఎందుకొస్తుందంటే కణాలు పగిలినప్పుడు లోపలి చెత్తంతా, పారసైట్ తిని వదిలిన నల్లటి రేణువులతో సహా, రక్తంలో కలుస్తుంది, దాన్ని చూసి ఒళ్ళు ఎదురు తిరుగుతుంది, అదే జ్వరం. ఒంట్లో ఉన్న పారసైట్లన్నీ ఒకే టైముకి పగిలితే 48 గంటలకోసారి జ్వరం, అంటే ఇవాళ వస్తే రేపు ఉండదు, ఎల్లుండి అదే వేళకి మళ్ళీ వస్తుంది. రోజు విడిచి రోజు అనే మాట అక్కడి నుంచే వచ్చింది. ఆ జ్వరం వస్తే మాత్రం ఎవరికీ డౌటు ఉండదు. మొదట చలి, పదిహేను నిమిషాల నుంచి గంట దాకా, పళ్ళు కొట్టుకుంటాయి, మంచం కూడా ఊగుతుంది, ఎన్ని దుప్పట్లు కప్పినా చాలవు, లోపల మాత్రం జ్వరం పెరిగిపోతుంటుంది. ఆ తర్వాత వేడి, దుప్పట్లన్నీ విసిరేస్తాడు, 40 డిగ్రీలు దాటుతుంది, తల పగిలిపోతుంది, ఇది రెండు నుంచి ఆరు గంటలు. ఆఖర్న చెమట, పక్క తడిసి ముద్దవుతుంది, నిద్ర పట్టేస్తుంది. మర్నాడు లేచి మామూలుగా తిరుగుతాడు, తగ్గిపోయిందనుకుని పనికి కూడా పోతాడు.

కానీ ఇది అన్నీ ఒకే టైముకి పగిలినప్పుడు కదా. మొదట్లో అలా ఉండదండి. లివర్ నుంచి అన్నీ ఒకేసారి దిగవు, ఒక గుంపు పొద్దున పగులుతుంది, ఇంకోటి రాత్రికి, మరోటి మర్నాడు, కాబట్టి మొదటి కొద్ది రోజులు జ్వరం రోజూ ఉంటుంది, కొందరికి దిగకుండా ఒకేలా ఉంటుంది. పీవీలో కొన్నాళ్ళకి టైము కుదురుతుంది, అదీ మందు వేయకుండా వదిలేస్తే. పీఎఫ్‌లో చాలామందికి ఎప్పటికీ కుదరదు. అంటే పుస్తకంలో రాసిన చలిజ్వరం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే, ప్రాణాలు తీసే రకమే కళ్ళ ముందు నుంచి జారిపోతుంది. నేను చూసిన పీఎఫ్ పాజిటివుల్లో చాలామంది "ఒళ్ళు నొప్పులు, తల బరువు, వాంతులు" అని వచ్చినవాళ్ళే. కొందరికి విరేచనాలు, కొందరికి పొడి దగ్గు, చిన్నపిల్లలైతే పాలు తాగకపోవడం, మగతగా పడుండటం అంతే. కళ్ళు పచ్చబడి కామెర్లు అనుకుని వచ్చినవాళ్ళూ ఉన్నారు.

ఇక టెస్టు నెగటివ్ వచ్చిందన్నారు కదా, ఒక లెక్క చెప్తా. కార్డు టెస్టు నమ్మకంగా పట్టుకోవాలంటే మైక్రోలీటరు రక్తంలో, అంటే మిల్లీలీటరులో వెయ్యో వంతులో, సుమారు 200 పారసైట్లు ఉండాలి. పెద్ద మనిషి ఒంట్లో 5 లీటర్ల రక్తం ఉంటుందనుకోండి, మైక్రోలీటరుకి 100 చొప్పున ఉంటే మొత్తం 50 కోట్లు. అంటే ఒంట్లో 50 కోట్ల పారసైట్లు తిరుగుతున్నా కార్డు మీద గీత రాకపోవచ్చు! స్లైడ్ బాగా చూసేవాడు ఓపిగ్గా చూస్తే 50 దగ్గర, ఇంకా తక్కువలో కూడా పడతాడు. మొదటిసారి జబ్బు వచ్చినవాళ్ళకి, చిన్నప్పట్నుంచి మలేరియా ఎరగనివాళ్ళకి, ఆ కొంచెం పారసైట్లకే జ్వరం దంచేస్తుంది, అందుకే తొలి రోజుల నెగటివ్‌ని నేను ఎప్పుడూ ఫైనల్ అనుకోను.

పీఎఫ్‌తో ఇంకో తంటా ఉంది. పారసైట్ చిన్నదిగా, ఉంగరం ఆకారంలో ఉన్నప్పుడే రక్తంలో తిరుగుతుంది. 48 గంటల్లో సగం గడిచేసరికి ఆ ఎర్ర కణం జిగురుగా మారి మెదడు, కిడ్నీ లాంటి చోట్ల సన్నటి రక్తనాళాల గోడలకి అతుక్కుపోతుంది. వేలు పొడిచి తీసిన చుక్కలోకి అది రాదు. పొద్దున నెగటివ్ వచ్చినవాడికి రాత్రికి పాజిటివ్ రావడం వెనక కథ ఇదే, 12 నుంచి 24 గంటల తేడాతో మూడుసార్లు చూడమనేది కూడా ఇందుకే. చలి వచ్చే దాకా ఆగి రక్తం తీయాలని కొందరు చెప్తారు, అక్కర్లేదు, అనుమానం వచ్చిన క్షణమే తీయొచ్చు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ళ కిందట సాయంత్రం, డ్యూటీ దిగే టైముకి ఒక కుర్రాడి స్లైడ్ వచ్చింది. మీకు తెలీదేమో, స్లైడ్ మీద రెండు వేస్తాం, ఒకటి థిన్ స్మియర్, పల్చగా నాలుకలా లాగింది, రెండోది థిక్ స్మియర్, ఒక చుక్కని గుండ్రంగా రుద్దింది, తడిగా ఉన్నప్పుడు దాని కింద పేపరు పెడితే అచ్చు అక్షరాలు కష్టపడి చదవగలిగేంత మందంగా ఉండాలి. పారసైట్ ఉందా లేదా అని థిక్‌లో చూస్తాం, ఏ రకమో థిన్‌లో తేలుస్తాం. థిక్‌లో ఆయిల్ వేసి కనీసం 100 ఫీల్డులు చూస్తే గానీ నెగటివ్ రాయకూడదు, ఫీల్డు అంటే మైక్రోస్కోపులో ఒకసారికి కనపడేంత మేర. ఆ రోజు నేను 40 చూసి రాసేశా. మర్నాడు మధ్యాహ్నం వాళ్ళన్న భుజం పట్టుకుని తీసుకొచ్చాడు, కుర్రాడు కుర్చీలో నిటారుగా కూర్చోలేకపోతున్నాడు, పేరడిగితే కాసేపాగి చెప్తున్నాడు. కొత్త స్లైడులో ప్రతి ఫీల్డులోనూ సన్నటి నీలం ఉంగరాలు, ఒక్కోదానికీ ఎర్ర రాయి పొదిగినట్టు చుక్క, కొన్ని కణాల్లో రెండేసి. పీఎఫ్. వెంటనే అడ్మిట్ చేశారు, బతికాడు. వాడు వెళ్ళాక నిన్నటి స్లైడ్ తీసి మళ్ళీ పెట్టి చూశా, 70 దాటాక ఒక్క ఫీల్డులో, ఒకే ఒక్క ఉంగరం. అప్పట్నుంచి 200 దాకా చూడటం అలవాటు చేసుకున్నా, పక్కవాళ్ళు చాదస్తం అనేవాళ్ళు.

విడాల్ సంగతి. విడాల్ పాజిటివ్ వచ్చినంత మాత్రాన టైఫాయిడ్ అని కాదు, పాత ఇన్ఫెక్షన్ వల్లా రావచ్చు, టీకా వల్లా రావచ్చు, అంతెందుకు మలేరియాలోనే ఉత్తుత్తి పాజిటివ్ రావడం బాగా తెలిసిన విషయం. టైఫాయిడ్ అని గట్టిగా చెప్పాలంటే బ్లడ్ కల్చర్, అంటే రక్తంలోని బాక్టీరియాని పెంచి చూసే టెస్టు, చేయించాలి. ప్లేట్‌లెట్స్ తగ్గాయి కాబట్టి డెంగ్యూనే అనేది ఇంకో అపోహ, మలేరియాలోనూ ప్లేట్‌లెట్స్ పడిపోతాయి, నిజానికి జ్వరం మనిషి రిపోర్టులో ప్లేట్‌లెట్స్ తక్కువ కనపడితే నేను చెప్పకుండానే ఇంకో స్లైడ్ గీసేవాణ్ణి. మీ వాడు ఈలోపు యాంటీబయాటిక్స్ మొదలుపెట్టి ఉంటే అది కూడా ల్యాబులో చెప్పండి. డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ లాంటివి మలేరియా మీద కూడా కాస్త పనిచేస్తాయి, జబ్బు పోదు గానీ రక్తంలో పారసైట్లు పల్చబడి స్లైడులో దొరకడం కష్టమవుతుంది. ఎవరో ఇచ్చిన మలేరియా బిళ్ళలు రెండు మింగి వచ్చినా అంతే.

కింద చెప్పినవాటిలో ఏ ఒక్కటి కనపడినా రిపోర్టు కోసం ఇంట్లో కూర్చోవద్దు, రాత్రయినా సరే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళిపోండి. మాట తడబడటం, మత్తుగా ఉండటం, పొంతన లేకుండా మాట్లాడటం, ఫిట్స్, ఆయాసం, లేచి కూర్చోలేకపోవడం, ఏది ఇచ్చినా వాంతి అయిపోవడం, మూత్రం బాగా తగ్గిపోవడం లేదా నల్లగా రావడం, కళ్ళు పచ్చబడటం, చేతులు కాళ్ళు చల్లబడటం. పీఎఫ్ ఒక్క రోజులో మనిషిని పడేయగలదు, మొదటి స్లైడుకీ రెండో స్లైడుకీ మధ్య మా కుర్రాడికి గడిచింది ఇరవై గంటలే. అయిదేళ్ళ లోపు పిల్లలు, గర్భిణులు అయితే ఇంకా తొందరపడాలి. 2023లో ప్రపంచం మొత్తం మీద దాదాపు 26 కోట్ల 30 లక్షల కేసులు, 5 లక్షల 97 వేల చావులు అని డబ్ల్యూహెచ్‌వో అంచనా, ఎక్కువ భాగం ఆఫ్రికాలో, అందులోనూ పసిపిల్లలే. టైముకి పట్టుకుంటే మాత్రం పూర్తిగా నయమయ్యే జబ్బే ఇది, ఆర్టిమిసినిన్ మందులు వచ్చాక పారసైట్లు ఎంత వేగంగా మాయమవుతాయో మైక్రోస్కోపులో చూస్తే ఆశ్చర్యమేస్తుంది, నిన్న ఫీల్డుకి పది ఉన్నవి ఎల్లుండికి వెతికినా దొరకవు. దాన్ని కనిపెట్టిన చైనా ఆవిడ తు యూయూకి 2015లో నోబెల్ ఇచ్చారు.

పాజిటివ్ వస్తే ఏ రకం అని తప్పకుండా అడగండి, "మలేరియా ఉంది" అన్న ముక్క సరిపోదు. పీఎఫ్‌కి మందు వేరు, పీవీకి వేరు. పీవీ అయితే కొన్ని పారసైట్లు లివర్‌లో నిద్రపోతూ ఉండిపోతాయి, రక్తంలో ఉన్నవి మూడు రోజుల మందుతో పోతాయి, జ్వరం దిగుతుంది, ఈ నిద్రపోయేవి మాత్రం వారాల తర్వాతో నెలల తర్వాతో లేచి మళ్ళీ జ్వరం తెస్తాయి. చాలామంది మళ్ళీ దోమ కుట్టిందనుకుంటారు, చాలాసార్లు అది పాతదే. వాటికోసం ప్రైమాక్విన్ ఇస్తారు, మామూలుగా 14 రోజులు, జ్వరం మూడో రోజుకే పోయింది కదా అని ఆపేసేవాళ్ళే ఎక్కువ, వాళ్ళే నాలుగు నెలలకి మళ్ళీ నా ముందు వేలు చాపేవాళ్ళు. ఆ మందు వేసే ముందు జీసిక్స్‌పీడీ అనే ఎంజైము టెస్టు గురించి డాక్టర్ని అడగండి, ఆ ఎంజైము తక్కువున్నవాళ్ళకి ప్రైమాక్విన్ ఎర్ర కణాల్ని పగలగొడుతుంది. గర్భిణులకి అసలు ఇవ్వరు. ఇంట్లో ఒకరికి రాసిన బిళ్ళలు ఇంకొకరికి వేయకండి అనేది అందుకే.

ఇంకో చిన్న మాట, మందు అయిపోయాక తగ్గిందో లేదో చూడ్డానికి కార్డు టెస్టు చేయించి భయపడకండి. కొన్ని కార్డులు చచ్చిన పారసైట్ వదిలిన ప్రోటీన్‌ని కూడా వారాల తరబడి పాజిటివ్‌గా చూపిస్తాయి. తగ్గిందా లేదా అనేది స్లైడులోనే చూడాలి.

మీ వాడు పడుకునే చోట దోమతెర కట్టండి, ఇప్పుడు అతనికి మలేరియా ఉంటే దోమ అతన్ని కుట్టి ఇంట్లో మిగతావాళ్ళకి పట్టుకెళ్తుంది. చుట్టూ నిలవ ఉన్న నీళ్ళు వారానికోసారి పారబోయండి, గుడ్డు దోమ కావడానికి వారం పైనే పడుతుంది కాబట్టి ఆలోపు పారబోస్తే చాలు. ఈ దోమకి మురికి కాలవ అక్కర్లేదు, మూత లేని ట్యాంకులో మంచినీళ్ళు కూడా సరిపోతాయి.

రాత్రికి స్లైడ్ రిపోర్టు వస్తే ఇక్కడ పెట్టండి, రకం ఏంటి, పారసైట్ల కౌంట్ ఎంత అని రాసుంటే అది కూడా. నెగటివ్ అని వస్తే రేపు పొద్దున మళ్ళీ రక్తం ఇచ్చారా లేదా అని నేనే అడుగుతా.